పాత పెన్ ప్లాటరా, ఇస్త్రీ పెట్టెనా, ఫ్యాక్టరీ బోర్డా? ఇంట్లో పీసీబీ చేసుకొనేవారికి ఎంపిక సలహా

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా తరువాత వచ్చే మంగళవారం నాడు జరుగుతుంది. దానికి నెల ముందు నుంచే దీపాలంకరణ చేసేవారు ఎల్‌ఈడీలు వరుసగా వెలిగి ఆరే కంట్రోలర్ బోర్డుల కోసం తిరుగుతుంటారు. సరిగ్గా అదే రోజుల్లో ఇంజనీరింగ్ విద్యార్థులకు మినీ ప్రాజెక్టు గడువులు కూడా దగ్గరపడతాయి. ఈ రెండు రకాలవారికీ ఇన్నేళ్లుగా చిన్న సర్క్యూట్ బోర్డులు (పీసీబీలు) చేసిపెడుతున్నందువల్ల ఒక ప్రశ్న నాకు తరచుగా ఎదురవుతూ ఉంటుంది. కళాశాల డ్రాయింగు గదిలో మూలన పడివున్న పెన్ ప్లాటరును, అంటే కంప్యూటరు చెప్పినట్లు పెన్నుతో బొమ్మ గీసే యంత్రాన్ని, రాగి పలక మీద గీయడానికి వాడవచ్చునా, లేక అందరూ చేసే విధంగా జిరాక్స్ షాపులో ప్రింటు తీసి ఇస్త్రీ పెట్టెతో అంటించడమే మేలా, ఇదంతా మాని ఫైలును ఫ్యాక్టరీకి పంపితే సరిపోదా అని అడుగుతారు. ఇంటి పద్ధతుల్లో ఎక్కువవాటి కిటుకు ఒకటే: రాగి ఉండవలసిన గీతలను (ట్రాకులు), విడిభాగాల కాళ్లు అతికే చుక్కలను (ప్యాడ్లు) సిరాతోనో టోనరుతోనో కప్పి, మిగతా రాగిని ఫెర్రిక్ క్లోరైడు ద్రావణంలో కరిగించడం. దీనినే ఎచింగ్ అంటారు.

నా సమాధానం ముందే చెబుతాను. ప్లాటరు మీ చేతిలో ఇప్పటికే ఉండి, అది బల్లపరుపు రకమై, మీరు రంధ్రాల్లో కాళ్లు దూర్చే విడిభాగాలతో చేసే బోర్డులను మాటిమాటికీ మార్చి చేస్తూ ఉంటే, దానికి మించిన సాధనం లేదు. ప్లాటరు లేనివారు మాత్రం ఈ ఒక్క పని కోసం వెతికి కొనవద్దు. ఈ రెండు మాటలకూ కారణాలు వివరంగా చెప్పుకోవాలి. వాటితోపాటు మిగతా పద్ధతులు ఎవరికి సరిపోతాయో కూడా చూడాలి.

ముందుగా తేల్చుకోవలసినవి

మొదటిది గీత సన్నదనం. సాధారణ డిప్ ఐసీ (రెండు వరుసల కాళ్లు గల చిప్) కాళ్ల మధ్య దూరం 2.54 మి.మీ. ప్యాడ్ వ్యాసం 1.6 మి.మీ. అనుకుంటే రెండు ప్యాడ్ల మధ్య 0.94 మి.మీ. ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోంచి 0.4 మి.మీ. ట్రాకు వెళ్లవలసివస్తే, దాని వెడల్పు పోగా ఒక్కొక్క వైపు మిగిలేది దాదాపు పావు మిల్లీమీటరు మాత్రమే. ఉపరితలం మీద అతికే ఎస్‌ఓ రకం ఐసీలలో కాళ్ల దూరం 1.27 మి.మీ. అవుతుంది. చదరంగా ఉండే మైక్రోకంట్రోలర్లలో అది 0.8 లేదా 0.5 మి.మీ.కు దిగుతుంది. మీ డిజైనులో అతి ఇరుకైన చోటు ఏదో కొలిచి చూసుకోకుండా పద్ధతిని ఎంచుకోవడం ఇల్లు కొలవకుండా కర్ర కోయించడం వంటిది.

రెండవది ఎన్ని బోర్డులు కావాలన్నది, అంతకంటే ముఖ్యంగా ఆ డిజైను ఎన్నిసార్లు మారుతుందన్నది. ఒకే బోర్డును పాతిక సార్లు చేయడమూ, ఒక బోర్డును పాతిక రకాలుగా మార్చి చేయడమూ పూర్తిగా వేర్వేరు పనులు. మూడవది రాగి విస్తారం. గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్లే ఉమ్మడి దారి) కోసం బోర్డు అంతా రాగి ఉంచవలసివస్తే కొన్ని పద్ధతులు అక్కడే తేలిపోతాయి. నాలుగవది ఒక పక్క బోర్డా, రెండు పక్కల బోర్డా అన్నది. ఐదవది మన ఊళ్లో ఏమి దొరుకుతుంది, వాడిన రసాయనాన్ని ఎక్కడ పారవేస్తాం అన్నది. ఈ చివరి ప్రశ్నను చాలామంది పట్టించుకోరు కాబట్టి దాని గురించి వేరుగా రాశాను.

పెన్ ప్లాటర్: ఏ రకమో చూసిన తరువాతే ఆశ

పెన్ ప్లాటర్లలో రెండు జాతులున్నాయి. మొదటి జాతిలో కాగితమే ముందుకూ వెనుకకూ కదులుతుంది, పెన్ను అడ్డంగా మాత్రమే తిరుగుతుంది. 1983లో వచ్చిన, ఆరు పెన్నులు పట్టే హెచ్‌పీ 7475ఎ ఈ జాతికి చెందినది. దానిలో గరుకు చక్రాలూ నొక్కుడు చక్రాలూ కలిసి కాగితాన్ని పట్టి లాగుతాయి. 1.6 మి.మీ. మందం గల రాగి బోర్డు ఆ చక్రాల మధ్యకు పోదు. బలవంతంగా తోస్తే చక్రాలే చెడిపోతాయి. వంగే స్వభావం గల పలుచని రాగి షీటు అయితే పోతుంది కానీ, అది మన ప్రాంతపు దుకాణాల్లో తేలికగా దొరికే వస్తువు కాదు. రెండవ జాతి బల్లపరుపు రకం. దీనిలో కాగితం కదలకుండా బల్ల మీద పడుకొని ఉంటుంది, పెన్నే రెండు దిక్కులా తిరుగుతుంది. రోలాండ్ సంస్థ డీఎక్స్‌వై వరుస ప్లాటర్లు ఈ విధమైనవి. రాగి బోర్డు మీద నేరుగా గీయాలంటే కావలసింది ఈ రకమే.

ఖచ్చితత్వం విషయంలో ఈ పాత యంత్రాలను తక్కువ అంచనా వేయకూడదు. ప్లాటరుకు ఆదేశాలిచ్చే హెచ్‌పీజీఎల్ భాషలో ఒక మెట్టు 0.025 మి.మీ., అంటే ఒక మిల్లీమీటరుకు నలభై మెట్లు. బోర్డు గీతకు ఇది కావలసినదానికంటే ఎక్కువే. హద్దు విధించేది యంత్రం కాదు, పెన్ను మొన. 0.4 మి.మీ. మొన గల మార్కరు రాగి మీద గీసేటప్పుడు, రాగి కాగితంలా సిరాను పీల్చుకోదు కాబట్టి, గీత కొంచెం వ్యాపించి అర మిల్లీమీటరుకు దగ్గరవుతుంది. అందువల్ల ప్లాటరు కోసం డిజైను వేసేటప్పుడు ట్రాకు వెడల్పు 0.6 నుంచి 0.8 మి.మీ., ఖాళీ కనీసం 0.5 మి.మీ. ఉంచుకొమ్మని నా సలహా. ఐసీ కాళ్ల మధ్యనుంచి ట్రాకు తప్పనిసరిగా పోవలసిన చోట గుండ్రని ప్యాడ్లను కోలగా మార్చి దారి ఇవ్వాలి.

పెన్ను ఎంపికలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. ప్లాటరుతో వచ్చిన అసలు కాగితపు పెన్నులలో ఉండేది సాధారణంగా నీటి సిరా. అది ఫెర్రిక్ క్లోరైడులో ఒక్క నిమిషం కూడా నిలవదు. కావలసింది ద్రావకంతో చేసిన శాశ్వత సిరా. స్టెడ్‌లర్ లూమోకలర్ శాశ్వత రకం సన్నమొన పెన్నులు ఈ పనికి బాగా నిలుస్తాయి. స్టేషనరీ దుకాణంలో దొరికే సీడీ మార్కర్లలో కొన్ని నిలుస్తాయి, కొన్ని నిలవవు. కాబట్టి ప్రతి కొత్త పెన్నుతోనూ ఒక వృథా ముక్క మీద నాలుగు గీతలు గీసి, ఎచింగ్ చేసి చూసిన తరువాతే అసలు బోర్డుకు పెట్టాలి. ఈ మార్కర్ల ఒళ్లు ప్లాటరు పెన్ను పట్టుకు సరిపోదు. త్రీడీ ప్రింటరు అందుబాటులో ఉన్న కళాశాలలో ఒక తొడుగు చేయించుకోవచ్చు. లేనివారు పాత ప్లాటరు పెన్ను ఒంటిని కోసి, దానిలో మార్కరు మొనను అమర్చుకోవచ్చు. ఏది చేసినా మొన పొడవు అసలు పెన్నుతో సమానంగా ఉండాలి. బోర్డు మందం 1.6 మి.మీ. కాబట్టి, పెన్ను ఎత్తినప్పుడు కూడా మొన రాగిని రాసుకుంటూ పోయే ప్రమాదం ఉంటుంది. మందం 0.8 మి.మీ. బోర్డు వాడడమో, తొడుగులో పెన్నును ఆ మేరకు పైకి జరపడమో చేస్తే ఇది తీరుతుంది.

వేగం తగ్గించడం తప్పనిసరి. 7475ఎ పెన్ను సెకనుకు 38 సెం.మీ. వరకు పరుగెత్తగలదు. ఆ వేగంలో రాగి మీద గీత తెగిపోతుంది. హెచ్‌పీజీఎల్ ఫైలులో వేగం ఆదేశాన్ని సెకనుకు 2 నుంచి 5 సెం.మీ. మధ్య పెట్టుకుంటే గీత నిండుగా వస్తుంది. ఒక్కసారి గీస్తే సిరా పొర పలుచగా ఉండి సూదిమొన రంధ్రాలు పడతాయి కాబట్టి, బోర్డును కదల్చకుండా అదే ఫైలును రెండవసారి పంపాలి. కానీ మొదటి పొర పూర్తిగా ఆరకముందే పంపితే రెండవసారి వచ్చిన పెన్ను తన ద్రావకంతో మొదటి గీతను కరిగించి లాక్కుపోతుంది. శ్రావణ భాద్రపదాల్లో మన తీరప్రాంతపు తేమలో ఈ ఆరడానికి వేసవిలో కంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది. పది నిమిషాలు ఆగమని చెప్పే సూచనలను ఆ నెలల్లో అరగంటగా చదువుకోవాలి, లేదా జుట్టు ఆరబెట్టే యంత్రంతో మెల్లగా వెచ్చబరచాలి.

కంప్యూటరుతో కలపడం భయపడినంత కష్టం కాదు. ఈ యంత్రాలు ఎక్కువగా ఆర్‌ఎస్-232 సీరియల్ మార్గంలో మాట్లాడతాయి. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కేబులుతో పని జరుగుతుంది. అయితే ప్లాటరు లోపలి జ్ఞాపకం చాలా చిన్నది కాబట్టి, కంప్యూటరు ఆగకుండా పంపుతూ పోతే మధ్యలో ఆదేశాలు పోతాయి. అప్పుడు పెన్ను ఒక ప్యాడ్ నుంచి మరో ప్యాడ్‌కు అడ్డంగా గీత గీసేస్తుంది. ఆ లక్షణం కనిపించినప్పుడు యంత్రం చెడిందని అనుకోవద్దు. ‘కొంచెం ఆగు’ అని ప్లాటరు చెప్పే సంకేతం కేబులులో కలిసి ఉన్నదో లేదో చూడండి. హెచ్‌పీజీఎల్ ఫైలు తయారీకి ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేరు సరిపోతుంది. బోర్డులు డిజైను చేసే కైక్యాడ్‌లో గీసిన బోర్డును ఎస్‌వీజీ బొమ్మగా తీసి దానిలో తెరవవచ్చు.

ఇక అందరూ కనీసం ఒక్కసారైనా చేసే పొరపాటు బొమ్మ దిశ. ఇస్త్రీ పద్ధతిలో కింది పక్క రాగిని కంప్యూటరు తెర మీద కనిపించినట్లే ప్రింటు తీయాలి. కాగితం బోర్లించినప్పుడు అది తనంతట తానే తిరగబడుతుంది. ప్లాటరు మాత్రం రాగి మీద నేరుగా గీస్తుంది కాబట్టి, అదే కింది పక్క బొమ్మను అద్దంలో చూసినట్లు తిప్పి పంపాలి. ఇస్త్రీకి అలవాటుపడి ప్లాటరుకు మారినవారు ఇక్కడే ఒక బోర్డు పోగొట్టుకుంటారు. నేనూ పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి ప్రతి డిజైనులోనూ ఒక మూల చిన్న అక్షరం వేసి, గీసిన తరువాత అది సరిగా చదవగలిగేలా ఉందో లేదో చూసిన తరువాతే ద్రావణంలో వేస్తున్నాను.

ప్లాటరుకు సరిపడనివి కూడా చెప్పాలి. బోర్డు అంతా గ్రౌండ్ రాగి నింపడానికి పెన్ను వందల గీతలు పక్కపక్కన గీయాలి. మొన అరిగిపోతుంది, మధ్యమధ్య సిరా పడని సన్నని చారలు మిగిలి, ఎచింగులో అక్కడి రాగిని ద్రావణం తినేస్తుంది. రెండు పక్కల బోర్డు చేయవచ్చు కానీ, బోర్డును తిప్పి అదే స్థానంలో కూర్చోబెట్టడానికి మూలల్లో రంధ్రాలూ పిన్నులూ కావాలి. ఇంకొక మాట: ప్లాటరుకు పెన్ను బదులు కటింగ్ మొన పెట్టి రాగిని చెక్కాలనే ఆలోచన కొందరికి వస్తుంది. పెన్నును నొక్కే బలం గ్రాముల్లో ఉంటుంది కాబట్టి ఆ పని దానివల్ల కాదు. అయితే బోర్డు అంతటికీ పలుచగా రంగు పూసి, రాగి పోవలసిన చోట సూదిమొనతో రంగును మాత్రం గీకించడం సాధ్యమే. ఇది సన్నని ఖాళీలకు పెన్ను గీత కంటే మెరుగైన ఫలితం ఇస్తుంది.

ఇస్త్రీ పెట్టెతో టోనర్

ఇది ఎక్కువమందికి తగిన పద్ధతి. లేజర్ ప్రింటరు టోనర్ వేడికి కరిగే ప్లాస్టిక్ పొడి. దానిని నునుపైన కాగితం మీద ప్రింటు చేసి, శుభ్రం చేసిన రాగి మీద బోర్లించి, నూలు బట్టలకు పెట్టే వేడిలో ఇస్త్రీ పెట్టెతో నొక్కితే టోనర్ రాగికి అంటుకుంటుంది. తరువాత నీటిలో నానబెట్టి కాగితాన్ని మెల్లగా రుద్ది తీయాలి. ఇంక్‌జెట్ ప్రింటుతో ఇది జరగదు.

సాధన చేసినవారు 0.3 మి.మీ. ట్రాకులు తీయగలరు. మొదటిసారి చేసేవారు 0.5 మి.మీ.కు తగ్గకపోవడం మంచిది. ఈ పద్ధతిలో ఇబ్బంది అంతా జిరాక్స్ షాపులో ఉంది. టోనర్ ఆదా చేసే అమరిక పెట్టి ఉంటే నలుపు పలుచగా వచ్చి ట్రాకులు తెగుతాయి. పేజీకి సరిపెట్టే అమరిక పెట్టి ఉంటే బొమ్మ రెండు మూడు శాతం కుంచించుకొని, నలభై కాళ్ల ఐసీ చివరి కాళ్లు రంధ్రాల్లో పట్టవు. ఒకసారి ఒక షాపులో ఈ రెండవ సంగతి గమనించకుండా నాలుగు బోర్డులు ఎచింగ్ చేసి పారేశాను. ప్రింటు చేతికి రాగానే ఐసీని కాగితం మీద పెట్టి కాళ్లు ప్యాడ్ల మీద పడుతున్నాయో లేదో అక్కడే చూసుకోండి. షాపువారికి ఇది కొత్తగా అనిపించినా, “బాబూ, నూటికి నూరు సైజులోనే తీయండి, నలుపు గట్టిగా రావాలి” అని చెబితే అర్థం చేసుకొని తీసిస్తారు.

రాగి విస్తారంగా నింపవలసిన చోట టోనర్ ప్లాటరు కంటే నయమే కానీ, అక్కడక్కడ చిన్న రంధ్రాలు మిగులుతాయి. వాటిని సీడీ మార్కరుతో కప్పాలి. రెండు పద్ధతులూ తెలిసినవారికి మార్కరు ఎప్పుడూ చేతిలో ఉండవలసిందే.

చేతి గీత, వెరో బోర్డు

నాలుగైదు విడిభాగాల సర్క్యూటుకు వీటిని మించినవి అక్కరలేదు. ట్యాంకులో నీటి మట్టం చెప్పే బజరు వంటివాటిని మార్కరుతో చేత్తో గీసుకోవచ్చు, లేదా రంధ్రాల బోర్డు (వెరో బోర్డు) మీద తీగలతో కలిపేయవచ్చు. రెండవ కాపీ కావలసివచ్చిన క్షణం నుంచి ఇవి శ్రమే.

డ్రై ఫిల్ము

కాంతికి గట్టిపడే నీలి ఫిల్మును రాగికి అంటించి, పారదర్శక షీటు మీద నెగెటివ్ ప్రింటు తీసి, అతినీలలోహిత కాంతి చూపి, ఒక లీటరు నీటికి పది గ్రాముల చాకలి సోడా కలిపిన ద్రావణంలో కడగడం ఈ పద్ధతి. కాంతి తగిలిన భాగం నిలుస్తుంది, తగలనిది కరిగిపోతుంది. ఎచింగ్ అయ్యాక మిగిలిన ఫిల్మును కాస్టిక్ సోడా ద్రావణంతో తీసేయాలి. కాస్టిక్ సోడా చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి చేతి తొడుగులూ కళ్లద్దాలూ లేకుండా ముట్టుకోవద్దు.

ఇంట్లో చేసే పద్ధతులన్నిటిలో సన్నని గీతలు ఇచ్చేది ఇదే. 0.2 మి.మీ. వరకు శ్రద్ధగా చేస్తే వస్తాయి, అందుచేత 0.8 మి.మీ. దూరం గల చదరపు ఐసీలు ఇంట్లో చేయాలంటే ఇదే దారి. కానీ ఫిల్మును ముడతలు లేకుండా అంటించడానికి లామినేషన్ యంత్రం, కాంతి కోసం ఒక చిన్న పెట్టె, పని గదిలో పసుపు దీపం ఏర్పాటు చేసుకోవాలి. ఎండలో పెట్టి కాంతి చూపవచ్చు. అయితే మబ్బు పట్టిన రోజున ఎంతసేపు పెట్టాలో అంచనా తప్పుతుంది కాబట్టి నేను దానిని సిఫారసు చేయను.

కాగితం లాగే రకం ప్లాటరు ఉన్నవారు దానితో పారదర్శక షీటు మీద గీసి ఈ పద్ధతికి వాడవచ్చునా అని అడుగుతారు. ఈ ఫిల్ముకు నెగెటివ్ కావాలి. అంటే ట్రాకు తప్ప మిగతా చోటంతా నలుపు నింపాలి. అది ప్లాటరుకు బొత్తిగా చేతకాని పని. ముందే కాంతి పూత వేసి అమ్మే పాజిటివ్ రకం బోర్డుకైతే ట్రాకులు మాత్రమే నల్లగా ఉంటే చాలు కాబట్టి ప్లాటరు గీత పనికివస్తుంది. సిరా వెలుతురును పూర్తిగా ఆపేటంత చిక్కగా ఉండాలి.

చెక్కే యంత్రం

3018 రకం చిన్న సీఎన్‌సీ (కంప్యూటరు నడిపే) యంత్రంతో రాగిని చెక్కి ట్రాకులు విడదీయవచ్చు. రసాయనం అక్కరలేదు, రంధ్రాలు కూడా అదే వేస్తుంది. కానీ గ్లాసు ఎపాక్సీ బోర్డు ధూళి ఊపిరితిత్తులకు హాని కాబట్టి మాస్కూ, ధూళి పీల్చే ఏర్పాటూ లేకుండా ఇంట్లో నడపకూడదు. ఈ యంత్రం ఉన్న కళాశాల ప్రయోగశాలల్లో వాడుకోండి. దీనికోసమే కొనడం అందరికీ అవసరం లేదు.

ఫ్యాక్టరీకి పంపడం

గెర్బర్ ఫైళ్లు (బోర్డు పొరలను ఫ్యాక్టరీకి చెప్పే ఫైళ్లు) పంపితే రెండు పొరలు, రంధ్రాల లోపల రాగి పూత, ఆకుపచ్చ రక్షణ పొర, అక్షరాల ముద్రతో బోర్డు ఇంటికి వస్తుంది. గాంధీనగర్‌లోని పీసీబీ పవర్, బెంగళూరులోని లయన్ సర్క్యూట్స్ మన దేశంలోనే చేస్తాయి. చైనా సంస్థల్లో జేఎల్‌సీపీసీబీ, పీసీబీవే పేరున్నవి. 0.15 మి.మీ. ట్రాకులు వీటికి మామూలు విషయం, ఇంట్లో ఏ పద్ధతీ అంత నమ్మకంగా ఇవ్వదు. చైనా సంస్థలు సాధారణంగా ఐదు బోర్డుల నుంచి ఆర్డరు తీసుకుంటాయి.

విదేశం నుంచి తెప్పించేటప్పుడు బోర్డుల ధర కంటే రవాణా, కస్టమ్స్ సుంకం ఎక్కువ కావచ్చు. అన్నీ కలిపి లెక్కవేసుకున్న తరువాతే పోల్చాలి. అసలు నష్టం కాలంలో ఉంది. వారం రెండు వారాలు ఎదురుచూసి తెచ్చుకున్న బోర్డులో ఒక ట్రాకు తప్పు అని తేలితే, అంతకాలమూ మళ్లీ ఆగాలి. ఇంట్లో చేసినవారు అదే సాయంత్రం సరిదిద్దుకుంటారు. డిజైను ఖాయమైన తరువాత ఫ్యాక్టరీ, ఖాయం కాకముందు ఇల్లు అన్నది నేను పాటించే లెక్క.

పద్ధతులను పక్కపక్కన పెడితే

| పద్ధతి | ధీమాగా వచ్చే ట్రాకు | రాగి నింపడం | డిజైను మార్చితే | ముఖ్యమైన ఇబ్బంది |
|---|---|---|---|---|
| బల్లపరుపు ప్లాటర్ | 0.6 మి.మీ. | బాగుండదు | గంటలో కొత్తది | పెన్ను, సిరా కుదుర్చుకోవడం |
| ఇస్త్రీ టోనర్ | 0.4–0.5 మి.మీ. | పరవాలేదు | షాపుకు మళ్లీ వెళ్లాలి | ప్రింటు సైజు, నలుపు |
| చేతి మార్కర్ | 1 మి.మీ. | చేయవచ్చు | మొదటి నుంచి గీయాలి | కాపీలు ఒకేలా రావు |
| డ్రై ఫిల్ము | 0.2–0.25 మి.మీ. | బాగుంటుంది | కొత్త నెగెటివ్ | కాంతి, సోడా కొలతలు |
| ఫ్యాక్టరీ | 0.15 మి.మీ. | చాలా బాగుంటుంది | వారం రెండు వారాలు | ఎదురుచూపు, రవాణా ఖర్చు |

ఎచింగ్: ఇంటి పద్ధతులన్నిటికీ ఉమ్మడి మెట్టు

సాధారణ బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు. ద్రావణం కిందికి తింటున్నంతసేపూ పక్కలకు కూడా తింటుంది కాబట్టి, ప్రతి అంచునా దాదాపు అంతే మేర పోతుంది. 0.4 మి.మీ. గీత ఎచింగ్ అయ్యేసరికి 0.33 మి.మీ. అవుతుంది. పద్ధతి ఏదైనా ఈ నష్టాన్ని డిజైనులోనే కలుపుకోవాలి.

ఫెర్రిక్ క్లోరైడు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో పొడిగానో గడ్డలుగానో దొరుకుతుంది. నీటిలో పొడిని కొద్దికొద్దిగా వేయాలి. పొడి మీద నీళ్లు పోయకూడదు, వేడి ఒక్కసారిగా పుడుతుంది. ప్లాస్టిక్ లేదా గాజు పాత్రలోనే కలపాలి, అల్యూమినియం గిన్నెలను అది తినేస్తుంది. నలభై, నలభై ఐదు డిగ్రీల వేడిలో పది ఇరవై నిమిషాల్లో పని పూర్తవుతుంది. పాత్రను వేడినీళ్ల పళ్లెంలో ఉంచి మెల్లగా ఊపుతుంటే చాలు. వైశాఖంలో మన ఎండకు పాత్రను బయట పెట్టితే వేడినీళ్లు కూడా అక్కరలేదు. పెన్నుతో గీసిన బోర్డుకు ఈ వేగం చాలా అవసరం. చల్లని, వాడి పాతబడిన ద్రావణంలో గంటసేపు ఉంచితే మార్కరు సిరా పొర అంచుల నుంచి లేచిపోతుంది. ప్లాటరు పద్ధతి బాగా లేదని చెప్పినవారిలో చాలామంది బోర్డులు చెడింది ఈ కారణంతోనే.

బోర్డును ముందు జీరో నంబరు ఎమరీ కాగితంతో రుద్ది, గిన్నెలు తోమే పొడితో కడిగి, ఆరాక థిన్నరుతో తుడవాలి. ఆ తరువాత వేలు తగలకూడదు. చేతి జిడ్డు ఉన్న చోట సిరా పూసల్లా విడిపోతుంది.

వాడిన ద్రావణాన్ని ఎవరూ మురుగు కాలువలో పోయకూడదని వేడుకుంటున్నాను. దానిలో కరిగిన రాగి చేపలకూ నీటి జీవులకూ విషం. శ్రీకాకుళం మధ్య నుంచి పారే నాగావళి అయినా, విజయనగరం పెద్ద చెరువు అయినా మన కాలువల నీటికి దూరంగా లేవు. ద్రావణంలో చాకలి సోడా నీళ్లను బుసబుస పొంగడం ఆగేవరకు కొద్దికొద్దిగా పోస్తే రాగి, ఇనుము మడ్డిగా అడుగుకు చేరతాయి. పైన తేలిన నీటిని వేరు చేసి, మడ్డిని ఆరబెట్టి, మూత బిగించిన ప్లాస్టిక్ సీసాలో దాచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకొనే చోట ఇవ్వాలి. కళాశాల ప్రయోగశాల అయితే ఆ సీసాల బాధ్యత ఒకరికి అప్పగించడం మంచిది.

ఎవరికి ఏది

ఒక్క మినీ ప్రాజెక్టు కోసం ఒకే బోర్డు కావలసిన విద్యార్థికి టోనర్ పద్ధతి చాలు. గడువుకు నెల ఉండి డిజైను మీద నమ్మకం ఉంటే ఫ్యాక్టరీకి పంపండి, బోర్డు అందంగా ఉంటుంది, మార్కులు ఇచ్చేవారికీ నచ్చుతుంది. అయితే ఎచింగ్ చేతితో చేసి చూడని విద్యార్థి ఒక మంచి పాఠం పోగొట్టుకుంటాడని నా నమ్మకం.

ప్రతి సెమిస్టరులో ముప్పై నలభైమంది విద్యార్థులు తలా ఒక వేరే సర్క్యూటు చేసే ప్రయోగశాలకు బల్లపరుపు ప్లాటరు అసలైన ఆస్తి. ప్రింటు కోసం షాపుకు పరుగెత్తనక్కరలేదు, తప్పు కనిపించినప్పుడు సిరాను థిన్నరుతో తుడిచి అదే బోర్డు మీద మళ్లీ గీయవచ్చు. ఎచింగుకు ముందే తప్పును కళ్ల ముందు చూసి చెరిపే అవకాశం మరే పద్ధతిలోనూ ఇంత తేలికగా ఉండదు. రాజాం, టెక్కలి, ఎచ్చెర్ల, విజయనగరం ఏ కళాశాలలోనైనా పాత సామాను జాబితాలో ప్లాటరు పేరు కనిపిస్తే, తుక్కుకు పంపేముందు ఒకసారి స్విచ్ వేసి చూడండి.

సిరిమానోత్సవానికి ఒకే రకం లైటు కంట్రోలర్లు పాతిక చేయవలసినవారు ముందు ఒకటి టోనరుతో గానీ ప్లాటరుతో గానీ చేసి, రెండు రాత్రులు వెలిగించి చూసి, తరువాత మిగతావి ఫ్యాక్టరీకి ఆర్డరు ఇవ్వాలి. వానలో తడిసే చోట పెట్టేవాటికి ఫ్యాక్టరీ బోర్డు మీది రక్షణ పొర ఎంతో మేలు చేస్తుంది. ఇంటి బోర్డు అయితే వార్నిషు పూయక తప్పదు.

స్టెబిలైజర్లూ మోటారు స్టార్టర్లూ బాగుచేసేవారికి పాత బోర్డు ఒక్కటే మళ్లీ చేయవలసివస్తుంది, ట్రాకులు వెడల్పుగా ఉంటాయి. వీరికి ప్లాటరు, టోనర్ రెండూ సమానమే. ఒక మిల్లీమీటరు వెడల్పు రాగి ట్రాకు దాదాపు రెండు ఆంపియర్లకే తగుతుంది. అంతకు మించిన కరెంటు పారే ట్రాకును వెడల్పు చేసి, దాని పొడవునా సోల్డరు పోయాలి. 230 వోల్టుల ట్రాకులకూ తక్కువ వోల్టేజి ట్రాకులకూ మధ్య కనీసం 6 మి.మీ. ఖాళీ వదలాలి. ఈ విషయంలో ఏ పద్ధతికీ మినహాయింపు లేదు. ఇటువంటి పనికి గోధుమరంగు హైలం (కాగితం, రెసిన్ కలిపి చేసిన) బోర్డు కంటే గ్లాసు ఎపాక్సీ బోర్డు ఎంచుకోండి. వేడికి ప్యాడ్లు లేచిపోవడం తక్కువ.

సన్నకాళ్ల మైక్రోకంట్రోలరుతో సొంత బోర్డు వేయాలనుకొనేవారు ప్లాటరునూ టోనరునూ మరచిపోయి, డ్రై ఫిల్ము నేర్చుకోవడమో ఫ్యాక్టరీకి పంపడమో చేయాలి.

పాత ప్లాటరును ఇంటికి తెచ్చుకొనేముందు

ముందు వెనుక పక్క వోల్టేజి అమరిక చూడండి. 110 వోల్టులలో ఉన్నదానిని మన ప్లగ్గులో పెడితే అక్కడితో కథ ముగుస్తుంది. తరువాత కంప్యూటరు లేకుండానే పరీక్ష బొమ్మ గీయించండి. చాలా ప్లాటర్లలో ముందరి బటన్లు నొక్కి పట్టుకొని స్విచ్ వేస్తే తమంతట తామే ఒక బొమ్మ గీస్తాయి. ఆ బొమ్మలో వృత్తం మొదలైన చోటే వచ్చి కలిసిందో లేదో భూతద్దంతో చూడండి. కలవకపోతే బెల్టో తీగో వదులైనట్లే. పెన్ను పట్టు ఎత్తి దించే శబ్దం ప్రతిసారీ ఒకేలా ఉండాలి. పెన్నులు ఎండిపోయినందుకు ధర తగ్గించమని అడగండి, మనకు అవి ఎలాగూ పనికిరావు. వాటి ఒళ్లు మాత్రం పారవేయకుండా అడిగి తెచ్చుకోండి, మార్కరు తొడుగు చేయడానికి కొలతలు వాటినుంచే తీసుకోవాలి.